అమ్మానాన్నలతో బ్యాడ్‌ల్యాండ్స్: రెండు గంటలు చాలవు, ఒక రాత్రి ఉండండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. జూన్ మూడో వారంలో మినియాపొలిస్ నుంచి కారులో, అమెరికా అధ్యక్షుల ముఖాలు చెక్కిన కొండ మౌంట్ రష్‌మోర్ చూడటానికి వెళ్తున్నారు. వెంట గుంటూరు జిల్లా నుంచి వచ్చిన మీ అమ్మానాన్నలు, ఆరేళ్ల పాప ఉంటారు. దారిలో సౌత్ డకోటాలోని బ్యాడ్‌ల్యాండ్స్ నేషనల్ పార్కులో మధ్యాహ్నం రెండు గంటలు ఆగితే సరిపోతుందా, మోకాళ్ల నొప్పులున్న నాన్నగారు అక్కడ ఏమైనా చూడగలరా, ఫొటోల్లో అక్కడి మట్టి గుట్టల మీద కనిపించే ఆ పసుపు, ఎరుపు చారలు నిజంగా ఉంటాయా అన్నవి మీ సందేహాలు.

రంగులు నిజమే. నాన్నగారు హాయిగా చూడగలరు. మధ్యాహ్నం రెండు గంటలు మాత్రం చాలవు. ఒక సాయంత్రం, ఆ మర్నాటి ఉదయం అక్కడ గడిచేలా ఒక రాత్రి ఉండండి. రష్‌మోర్‌లో ఒక పూట తగ్గించుకోవలసి వచ్చినా సరే.

నేను ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం చదివాను. పదిహేడేళ్లుగా మిన్నెసోటాలో నేల పరీక్షలు చేసే పనిలో ఉన్నాను. బ్యాడ్‌ల్యాండ్స్‌కు ఇప్పటికి పదకొండు సార్లు వెళ్లాను. వాటిలో నాలుగు సార్లు మన ఊళ్ల నుంచి వచ్చిన పెద్దవాళ్లను తీసుకెళ్లాను. కాబట్టి మీ పరిస్థితి నాకు బాగా అర్థమవుతోంది.

మొదటిసారి నేనూ మీరు అనుకున్నట్టే వెళ్లాను. జూలై నెల, మిట్టమధ్యాహ్నం, రెండు గంటలు. ఎటు చూసినా బూడిద రంగు మట్టి గుట్టలే కనిపించాయి. ఆ ఎండలో కళ్లు తెరవడమే కష్టమైంది. ఫొటోల్లో రంగులు ఎక్కించి పెడతారని నిర్ధారించుకుని వెళ్లిపోయాను. మరో ఏడాది అదే దారిలో వస్తుంటే వడగళ్ల వాన పట్టుకుంది. విజిటర్ సెంటర్ దగ్గర కారు ఆపి గంటన్నర కూర్చున్నాం. ఏడు గంటల ప్రాంతంలో మబ్బు విడిపోయి పడమటి నుంచి వాలు ఎండ పడింది. తడిసిన గుట్టల మీద ఎర్ర చారలు ఒక్కొక్కటే పైకి తేలాయి. ఒక గుట్ట మీది చార లోయ దాటి అవతలి గుట్ట మీద సరిగ్గా అదే ఎత్తులో కొనసాగుతోంది. దాని వెనక గుట్టలోనూ అదే చార. పుస్తకాల్లో చదివిన పొరలు అలా మైళ్ల పొడవునా కళ్ల ముందు సాగిపోతుంటే చీకటి పడే వరకూ అక్కడే నిలబడ్డాను.

ఇందులో కారణం చాలా సులువు. ఆ రంగులు ప్రధానంగా మట్టిలో కలిసి ఉన్న ఇనుము వల్ల వచ్చినవి, అవి లేత రంగులు. నడినెత్తిన సూర్యుడు ఉన్నప్పుడు నీడలు ఉండవు, వెలుగు తెల్లగా ఉంటుంది, లేత రంగులన్నీ అందులో కొట్టుకుపోతాయి. సూర్యుడు కిందికి వాలినప్పుడు ప్రతి గాడిలోనూ నీడ చేరుతుంది, వెలుగు పసుపు తిరుగుతుంది, ఎరుపు ఎరుపులా కనిపిస్తుంది. వాన పడి వెలిసిందంటే ఇంకా ముదురుతాయి. మబ్బు పట్టిన రోజున కూడా మధ్యాహ్నం ఎండలో కన్నా రంగులు బాగుంటాయి, కాబట్టి మబ్బు చూసి దిగులు పడకండి.

మీకు సరిపోయే ప్రయాణ క్రమం చెబుతాను. మినియాపొలిస్ నుంచి అక్కడికి సుమారు 500 మైళ్లు. పెద్దవాళ్లు, పాప ఉన్నారు కనుక ఆగుతూ వెళ్తే పది గంటలు వేసుకోండి. ఉదయం ఏడింటికి బయలుదేరండి. మర్డో ఊరు దాటాక గడియారం ఒక గంట వెనక్కి వెళ్తుంది, ఆ గంట మీకు కలిసొస్తుంది. ఐ-90 రోడ్డు మీద 131వ నంబరు ఎగ్జిట్ దగ్గర దిగితే తూర్పు ద్వారం వస్తుంది. సాయంత్రం నాలుగింటికల్లా లోపల ఉంటారు. అక్కడ జూన్‌లో సూర్యాస్తమయం దాదాపు రాత్రి ఎనిమిదిన్నరకు. అంటే నాలుగు గంటలకు పైగా మీ చేతిలో ఉంటాయి.

పార్కు లోపలి లూప్ రోడ్డు 39 మైళ్లు. ఆగకుండా పోతే గంట పని. మీరు తూర్పు నుంచి పడమరకు మెల్లగా కదలండి. ముందు బిగ్ బ్యాడ్‌ల్యాండ్స్ వ్యూపాయింట్, తర్వాత విండో, డోర్ ట్రెయిల్స్ (నడక బాటలు) ఉన్న పార్కింగ్, విజిటర్ సెంటర్, ఫాసిల్ ట్రెయిల్, ఆపైన కొనాటా బేసిన్, యెల్లో మౌండ్స్ వస్తాయి. చివరగా సూర్యాస్తమయానికి పినకిల్స్ వ్యూపాయింట్ చేరుకోండి. అక్కడి నుంచి వాల్ అనే చిన్న ఊరు ఏడెనిమిది మైళ్లే. రాత్రి బస అక్కడ. వేసవిలో గదులు తొందరగా నిండిపోతాయి కనుక ముందే మాట్లాడి పెట్టుకోండి. పార్కు లోపల కూడా చెక్క గదులు ఉన్నాయి, చుక్కలు చూడాలంటే అవే బాగుంటాయి. కానీ పినకిల్స్ నుంచి అక్కడికి చీకట్లో వెనక్కి రావాలి, దారిలో జింకలు అడ్డం వస్తాయి. పది గంటలు కారు నడిపిన రోజున నేను ఆ పని చేయను.

మర్నాడు సూర్యోదయం ఐదూ పది ప్రాంతంలో అవుతుంది. పాపను నిద్రలోనే కారెక్కించుకుని మళ్లీ పినకిల్స్‌కు, అక్కడి నుంచి యెల్లో మౌండ్స్‌కు రండి. ప్రవేశ టికెట్టు ఏడు రోజులు చెల్లుతుంది, రెండోసారి డబ్బు కట్టనక్కర్లేదు. ఎనిమిదింటికల్లా బయటపడి ఫలహారం చేసి బయలుదేరితే రష్‌మోర్ సుమారు గంటన్నర దూరం.

నాన్నగారి మోకాళ్ల గురించి బెంగ వద్దు. వ్యూపాయింట్లు చాలావరకు రోడ్డును ఆనుకునే ఉంటాయి, కారు దిగి పది ఇరవై అడుగులు వేస్తే చాలు. విండో ట్రెయిల్, ఫాసిల్ ట్రెయిల్ రెండూ రానూపోనూ కలిపి పావు మైలు చొప్పున ఉంటాయి. రెండూ చదునైన చెక్కల బాటలు, చక్రాల కుర్చీ కూడా వెళ్తుంది. డోర్ ట్రెయిల్‌లో మొదటి సగం కూడా చెక్కల బాటే. అది అయిపోయిన చోట రాతి గోడలో ఒక సందు, దాని అవతల గుట్టల సముద్రం కనిపిస్తుంది. పెద్దవాళ్లను ఆ బాట చివర బెంచీ మీద కూర్చోబెట్టి మీరు ఇంకొంచెం ముందుకు వెళ్లి రావచ్చు. నాచ్ ట్రెయిల్‌కు మాత్రం వాళ్లను తీసుకెళ్లకండి. అందులో దుంగలతో కట్టిన నిచ్చెన ఒకటి ఉంది, ఎక్కడం కన్నా దిగడం కష్టం, ఆ పైన దారి లోయ అంచునే సాగుతుంది. పాపకు కూడా ఇంకో నాలుగేళ్లు ఆగాలి.

ఇక పొరల సంగతి. ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను, ఏమనుకోకండి. ఆ చారలు ఏమిటో తెలిస్తే మీ నాన్నగారు అక్కడి నుంచి కదలరు.

అట్టడుగున ఉన్నది నల్లటి సముద్రపు బురద. పీర్ షేల్ అంటారు. 7 కోట్ల ఏళ్ల క్రితం అమెరికా నడిబొడ్డున ఒక లోతులేని సముద్రం ఉండేది, అది దాని అడుగు. తర్వాత బ్లాక్ హిల్స్ పైకి లేవడంతో నీరు వెనక్కి తగ్గి, ఆ బురద బయటపడింది. వానలకు, వేడికి, చెట్ల వేళ్లకు లోనై లక్షల ఏళ్లలో అది పసుపు రంగు నేలగా మారింది. మీరు యెల్లో మౌండ్స్ దగ్గర చూసే పసుపు అదే. అంటే అది రాయిగా పుట్టినది కాదు, ఒకప్పుడు చెట్లు మొలిచిన నేల. దాని మీద ఎర్రటి పొర కూడా పాత నేలే. ఒకే చోట నిలబడి కింద పసుపు, మీద ఎరుపు, ఆపైన బూడిద రంగు చూడవచ్చు. పార్కు మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే. రెండు నిమిషాలు ఆగి ఫొటో తీసుకుని పోకండి, అరగంట కేటాయించండి.

ఆ పైన బూడిద రంగు పొర షాడ్రన్. 3.7 నుంచి 3.4 కోట్ల ఏళ్ల నాటిది. అప్పుడు అక్కడ నదులు, తేమ, వెచ్చదనం ఉండేవి. మొసలి జాతి జంతువుల శిలాజాలు ఇందులో దొరికాయి. దాని మీద లేత గోధుమ రంగులో, ఎర్ర చారలతో నిటారుగా నిలిచే పొర బ్రూల్, 3.4 నుంచి 3 కోట్ల ఏళ్లది. వాతావరణం పొడిబారి అడవులు తగ్గిపోయిన కాలం. అందులోని ఒక్కో ఎర్ర చార ఒక్కో పాతకాలపు నేల. వరద మట్టి వచ్చి పడుతుంది, కొన్ని వేల ఏళ్లు దాని మీద గడ్డి, పొదలు పెరుగుతాయి, మళ్లీ వరద వచ్చి కప్పేస్తుంది. ఇంకా పైకి చూస్తే తెల్లటి పొర ఒకటి కనిపిస్తుంది, అది పడమటి అగ్నిపర్వతాల నుంచి గాలికి కొట్టుకొచ్చిన బూడిద. పాపకు ఇదంతా చెప్పనక్కర్లేదు. "అడుగున సముద్రం, దాని మీద అడవి, ఆపైన పచ్చిక, అన్నిటికన్నా మీద బూడిద" అని చెబితే చాలు, తనే వేలు పెట్టి చూపిస్తుంది. మా చెల్లెలి కొడుకు ఆరేళ్లప్పుడు రోజంతా ఆ నాలుగు మాటలే అంటూ తిరిగాడు.

చాలామంది "మన గండికోట లాంటిదే కదా" అని అడుగుతారు. చూపుకు పోలిక ఉన్నా, ఆ రాయి వేరు, ఈ మట్టి వేరు. గండికోటలో పెన్న కోసింది 100 కోట్ల ఏళ్లకు పైబడిన గట్టి రాతిని. సుత్తితో కొడితే ఖంగుమంటుంది. ఇక్కడిది ఇంకా సరిగా రాయి కాని మట్టి. నిజమైన పోలిక విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలోని ఎర్రమట్టి దిబ్బలతో. చదువుకునే రోజుల్లో మా మాస్టారు మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లి, ఒక్క వాన చుక్క గాడిని ఎలా మొదలుపెడుతుందో చూపించారు. ఇలా వాన నీరు చీల్చేసిన మెత్తటి నేలను ప్రపంచంలో ఎక్కడున్నా భూగర్భశాస్త్రంలో బ్యాడ్‌ల్యాండ్ అనే అంటారు. సౌత్ డకోటాలో ఈ కోత వేగం ఏడాదికి అంగుళం. రష్‌మోర్ గ్రానైట్ అంగుళం అరగడానికి 10 వేల ఏళ్లు పడుతుందని లెక్క. ఈ రెండూ మీరు ఒకే రోజు చూడబోతున్నారు! ఆ గుట్టలు కోతకు గురికావడం మొదలై 5 లక్షల ఏళ్లయింది, మరో 5 లక్షల ఏళ్లలో అవి ఉండవు.

మా నాన్నగారిని తీసుకెళ్లినప్పుడు జరిగింది చెప్పాలి. ఆయన పల్నాడులో పత్తి పండించిన రైతు. షాడ్రన్ పొర దగ్గర కారు దిగి, వ్యూపాయింట్ వైపు చూడకుండా నేల మీదికి వంగారు. అక్కడ పైమట్టి ఎండి, పేలాల్లా ఉబ్బి, చిన్న చిన్న బుడిపెలుగా ఉంటుంది. అడుగు వేస్తే కరకరమంటుంది. ఆయన ఒక బెడ్డను వేళ్లతో నలిపి, సీసాలోంచి రెండు చుక్కల నీళ్లు పోసి, బొటనవేలితో రాశారు. సబ్బులా జారింది. "ఇది మన రేగడే, రంగు మారిందంతే. వాన పడితే కాలు పెట్టనివ్వదు" అన్నారు. ఆ మట్టిలో అగ్నిపర్వతపు బూడిద నుంచి పుట్టిన ఖనిజం ఉంది. నీరు పీల్చి ఉబ్బుతుంది, ఎండితే పగులుతుంది. మన నల్లరేగడిలో ఉన్నదీ ఆ కుటుంబానికి చెందినదే. ప్రయోగశాలలో నేను చేసే పరీక్ష ఆయన బొటనవేలితో చేశారు. చేతికంటిన మట్టిని అక్కడే దులిపి కారెక్కారు. మీ నాన్నగారిదీ ఆ ప్రాంతమే కనుక, ఒక్కసారి ఆయన్ను నేల దగ్గర నిలబెట్టి చూడండి.

ఆయన అన్న మాటే ఒక హెచ్చరిక కూడా. వాన పడ్డాక గుట్టల మీద అడుగు పెట్టకండి. తడి మట్టి చెప్పుకు అంగుళాల మందాన అంటుకుని ఆ తర్వాత జారిపోతుంది. మామూలు రోజుల్లో ఈ పార్కులో చాలా ఇతర పార్కులకు భిన్నంగా బాట వదిలి ఎక్కడికైనా నడవడానికి అనుమతి ఉంది. అందువల్ల జనం ఉత్సాహంగా ఎక్కేస్తారు. ఎక్కడం తేలిక, దిగేటప్పుడు పొడి మట్టి కూడా గుళ్లగుళ్లగా రాలి కాలు నిలవనివ్వదు. పాప చేయి వదలకండి. వ్యూపాయింట్లలో చాలాచోట్ల కంచె ఉండదు.

పాపకు అన్నిటికన్నా నచ్చేది విజిటర్ సెంటర్. వేసవిలో అక్కడ శిలాజాలను శుభ్రం చేసే గది తెరిచి ఉంటుంది. శాస్త్రవేత్తలు చిన్న పనిముట్లతో ఎముక చుట్టూ ఉన్న మట్టిని గీకుతుంటే దగ్గర నుంచి చూడవచ్చు, ప్రశ్నలు అడగవచ్చు. 2010లో ఏడేళ్ల అమ్మాయి ఒకతె ఆ సెంటర్‌కు దగ్గరలోనే కత్తి కోరల పిల్లి లాంటి జంతువు పుర్రెను కనిపెట్టి రేంజర్లకు చెప్పింది. 1993లో ఇద్దరు సందర్శకులు నేలలోంచి తేలిన ఎముకలు చూసి చెప్పడం వల్ల మొదలైన తవ్వకం 2008 దాకా సాగింది. మొదట పంది లాంటి జంతువు అనుకుని దానికి పెద్ద పంది తవ్వకం అని పేరు పెట్టారు, తీరా అది కొమ్ములేని ఖడ్గమృగం. ఈ కథలు పాపకు ముందే చెప్పండి. ఎముక లాంటిది కనిపిస్తే తాకకుండా ఫొటో తీసి, చోటు గుర్తుపెట్టుకుని సెంటర్‌లో చెప్పాలి. శిలాజమే కాదు, రంగు రాయి, మట్టి బెడ్డ కూడా జేబులో వేసుకోకూడదు. అది చట్టం. ఆ ఎముక ఏ పొరలో ఉందో తెలిస్తేనే దాని వయసు తెలుస్తుంది, చోటు మారిస్తే ఆ సమాచారం శాశ్వతంగా పోతుంది.

మరో మాట. ఈ నేల లకోటా అనే స్థానిక అమెరికన్ ప్రజలది. "మాకో సీచా", అంటే చెడ్డ నేల అన్న పేరు వాళ్లు పెట్టిందే. పార్కు దక్షిణ భాగం పైన్ రిడ్జ్ రిజర్వేషన్‌లో, అంటే వాళ్లకు కేటాయించిన ప్రాంతంలో ఉంది. లూప్ రోడ్డు మీద బిగ్‌ఫుట్ పాస్ అని ఒక చోటు వస్తుంది. 1890 డిసెంబరులో బిగ్ ఫుట్ అనే నాయకుడి వెంట లకోటా కుటుంబాలు అమెరికా సైన్యాన్ని తప్పించుకుంటూ ఈ గుట్టల గోడ దిగి వెళ్లాయి. ఆ నెల 29న వూండెడ్ నీ అనే చోట వాళ్లలో చాలామందిని ఆ సైన్యం కాల్చి చంపింది, ఆడవాళ్లు, పిల్లలు సహా. నేను అక్కడ ఆగిన ప్రతిసారీ, ఆ చలిలో పిల్లలను ఎత్తుకుని ఈ జారుడు గుట్టలు ఎలా దిగారా అనిపిస్తుంది. అమ్మానాన్నలకు ఆ సంగతి చెప్పండి.

నీళ్లు, తిండి విషయం తేల్చేస్తాను. నీడ దాదాపు ఉండదు, జూన్‌లోనే 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన రోజులు ఉంటాయి. మనిషికి రోజుకు ఒక గాలన్ నీళ్లు కారులో ఉంచండి. విజిటర్ సెంటర్‌లో నింపుకోవచ్చు. అక్కడి వాగుల నీళ్లలో మట్టి ఎంత మెత్తగా ఉంటుందంటే వడపోత పరికరాలు పూడుకుపోతాయి, కాబట్టి వాటి మీద ఆశ పెట్టుకోకండి. మీ అమ్మగారు శాకాహారి అన్నారు కనుక ఆ చుట్టుపక్కల ఆవిడకు దొరికేది చాలా తక్కువ. పులిహోర, చపాతీలు మొదటి రోజుకు, పెరుగు ఐసు పెట్టెలో, చిన్న రైస్ కుక్కర్ రెండో రోజుకు. నేను ప్రతిసారీ అలాగే చేస్తాను. గాలి బలంగా వీస్తుంది, టోపీలకు తాడు ఉంటే మంచిది. ఉదయం ఐదింటికి చలి ఉంటుంది, అమ్మగారికి శాలువా మరచిపోకండి.

బైసన్‌లను (అడవి దున్నల్లాంటి జంతువులను) చూడాలంటే పినకిల్స్ దగ్గర నుంచి పడమరకు చీలే సేజ్ క్రీక్ రిమ్ రోడ్డు మీదికి ఉదయం పూట వెళ్లండి. అక్కడే ప్రెయిరీ డాగ్‌ల కాలనీ ఉంది, ఉడుతల్లాంటి జీవులు బొరియల మీద నిలబడి అరుస్తుంటే పాపకు పొద్దు తెలియదు. బైసన్ ఎంత నెమ్మదిగా కనిపించినా కనీసం 100 అడుగుల దూరం ఉండాలి, కారులోంచి చూస్తే ఇంకా మేలు. గడ్డిలో, రాళ్ల సందుల్లో చేతులు పెట్టనివ్వకండి, గిలక పాములు ఉంటాయి. ఈ సేజ్ క్రీక్ రోడ్డు గులకరాళ్లది. పొడిగా ఉంటే మామూలు కారు చాలు. ముందురోజు వాన పడి ఉంటే మాత్రం విజిటర్ సెంటర్‌లో అడిగి, వాళ్లు సరే అంటేనే వెళ్లండి.